ఇరవై నిమిషాలు

మొన్న ఆషాఢంలో, లాల్‌దర్వాజ బోనాలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే చాయ్ పెడుతున్నాను. మా అమ్మాయి ఒక కార్డు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. పేకముక్క కంటే కొంచెం పెద్దది. నీలం ఆకాశంలో నారింజ రంగు చక్రం, చుట్టూ ఏవేవో జంతువులు.

"చూడమ్మా, వారంలో మూడుసార్లు తీసిన. మూడుసార్లూ ఇదే వచ్చింది."

"ఏందిది?"

"వీల్ ఆఫ్ ఫార్చూన్. భాగ్యచక్రం అనుకో. దీని గ్రహం ఎవరో తెలుసా? గురుడు. మళ్ళా గురుడే!"

అని నవ్వింది. నాలుగు నెలల తర్వాత అది నవ్వడం అదే మొదటిసారి. సంతోషపడాల్సింది పోయి నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పోయిన మాఘంలో ఒక మంచి సంబంధం కుదిరింది. అబ్బాయి, అమ్మాయి మాట్లాడుకున్నారు, నచ్చుకున్నారు. నిశ్చితార్థానికి ముహూర్తం చూశాం. లాడ్‌బజార్‌లో లక్క గాజులకు బయానా కూడా ఇచ్చేశాను. ఉగాది దాటగానే మధ్యవర్తి ఫోన్ చేసింది. "అమ్మాయికి ఈ ఏడాది గురుబలం లేదంట వదినా. వాళ్ళు వద్దనుకుంటున్నరు."

అంతే. ఇంకే గొడవా లేదు, కట్నం మాటా లేదు. తప్పు మనుషులది కాదు, గురుడిది. అందరం అదే అనుకున్నాం. మా వారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. గది తలుపు వేసుకుంది. తర్వాత ఆన్‌లైన్‌లో ఈ కార్డుల పెట్టె తెప్పించుకుంది. మొత్తం 78 కార్డులు.

"ఈ పిచ్చి కార్డులెందుకు?" అని కసిరాను మొదట్లో. కసిరానే గానీ, నాకు ఆ హక్కు ఎక్కడిది? చిన్నప్పుడు చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద చిలక జోస్యం చెప్పించుకోనిదే మా అమ్మ బజారు నుంచి ఇంటికి వచ్చేది కాదు. పంజరం తలుపు తీస్తే రామచిలక తపతపా నడిచొచ్చి, వరసలోంచి ఒక కార్డు ముక్కుతో లాగేది. దాని మీద రాముడో, లక్ష్మో, వెంకటేశ్వరస్వామో. ఆ బొమ్మను బట్టి ఆయన మన జీవితం చదివేవాడు. రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఇప్పుడు ఆ దృశ్యం తగ్గిపోయింది. కానీ కార్డు తీయడం, బొమ్మ చూసి బతుకు చదువుకోవడం మనకు కొత్తేమీ కాదు. కుతుబ్‌షాహీల కాలంలో మన గోల్కొండలోనే ఫాల్‌నామా అనే పెద్ద బొమ్మల పుస్తకం తయారైందట. మనసులో ప్రశ్న అనుకుని ఏదో ఒక పేజీ తెరవడం, వచ్చిన బొమ్మను బట్టి శకునం చూసుకోవడం. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో ఖలీలీ సేకరణలో ఉందని మా అమ్మాయే ఫోన్‌లో చూపించింది.

ఆ రోజు పొద్దున చాయ్ తాగుతూ కార్డు సంగతంతా చెప్పింది. ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో అని నేను అడ్డు చెప్పకుండా విన్నాను.

ఈ టారో కార్డులు పదిహేనో శతాబ్దంలో ఇటలీలో మామూలు పేకాట కోసం పుట్టాయట. వీటిలో 22 పెద్ద కార్డులు. హీబ్రూ భాషలో అక్షరాలూ 22. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో కొందరు ఈ రెంటినీ జత కట్టారు. యూదుల ప్రాచీన ఆధ్యాత్మిక విద్య కబాలాలో అసలు ఈ కార్డులే లేవు. జత కట్టింది యూరప్ వాళ్ళు. తర్వాత 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘం ప్రతి పెద్ద కార్డుకూ ఒక అక్షరం, ఒక గ్రహమో రాశో తత్త్వమో పక్కాగా రాసిపెట్టింది. మా ఇంట్లో ఉన్న కార్డుల బొమ్మలు ఆ సంఘంలో ఉన్న పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆమె వేసినవి. 1909లో అచ్చయ్యాయి. లోకమంతా వాడుతున్న బొమ్మలు వేసిన ఆ మనిషి 1951లో చేతిలో పైసా లేకుండా పోయిందట. చక్రం బొమ్మ వేసిన ఆమె చక్రం అలా తిరిగింది.

మా అమ్మాయి కార్డు మీద వేలు పెట్టి చూపించింది. చక్రానికి ఒక పక్క పాము కిందికి దిగుతోంది. ఇంకో పక్క నక్క తల ఉన్న దేవుడు పైకి ఎక్కుతున్నాడు. పైన కత్తి పట్టుకుని స్ఫింక్స్ కూర్చుంది. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అంటామే, అదే. అయితే నాకు నచ్చింది అది కాదు. నాలుగు మూలల్లో నాలుగు ప్రాణులు ఉన్నాయి. మనిషి, గద్ద, సింహం, ఎద్దు. నాలుగింటికీ రెక్కలు, నాలుగింటి ముందూ తెరిచిన పుస్తకాలు. మనిషంటే కుంభం, గద్దంటే వృశ్చికం, సింహం సింహమే, ఎద్దు వృషభం.

"నాలుగూ స్థిర రాశులే గదా!" అన్నాను. నాకూ కొంచెం పంచాంగం తెలుసు మరి.

"అవును. మధ్యలో చక్రం తిరుగుతుంటే ఈ నలుగురు మాత్రం కదలకుండ కూసోని చదువుకుంటున్నరు. నేను గూడ అట్లనే ఉండాలె అనుకుంటున్న."

గురుడికి చక్రం ఎందుకిచ్చారో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన రాశికి ఏడాది చొప్పున 12 రాశులూ చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది. మన పుష్కరాల లెక్కంతా అదే కదా. గురుడు సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు. 2015లో గోదావరి, 2016లో కృష్ణ. జన్మరాశి నుంచి 2, 5, 7, 9, 11 స్థానాల్లో ఆయన ఉంటే గురుబలం ఉన్నట్టు, పెళ్ళికి మంచిదంటారు. లేకపోతే ఏడాది ఆగమంటారు. ఎవరి మీదా శాశ్వతంగా అలిగే గ్రహం కాదు.

ఇంతలో మా పక్కింటి ఆపా బగారా బైంగన్ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మా రెండిళ్ళ మధ్య గిన్నెలు ఖాళీగా తిరగవు, ఆ రోజు అందులో ఖుబానీ మీఠా ఉంది. ఆపా పిల్లలకు అరబీ, ఉర్దూ చెబుతుంది. మా అమ్మాయి ఆమెకూ కార్డు చూపించి, "దీని అక్షరం కాఫ్ అంట ఆపా, అంకె ఇరవై అంట" అంది.

ఆపా కళ్ళజోడు సర్దుకుని, "మాకూ కాఫ్ అంటే ఇరవయ్యే కదా!" అంది.

అబ్జద్ లెక్కట. అలిఫ్ ఒకటి, బే రెండు, జీమ్ మూడు, అలా ప్రతి అక్షరానికీ ఒక అంకె. బండ్ల మీద, దుకాణాల మీద మనం రోజూ చూసే 786 బిస్మిల్లా అక్షరాలన్నీ కూడితే వచ్చేదే. చార్మినార్ కట్టిన సంవత్సరం కూడా "యా హాఫిజ్" అనే మాటలో దాగుందంటారు. మా అమ్మాయి అక్కడికక్కడే కాగితం మీద కూడింది. యా అంటే 11, హాఫిజ్ అంటే 989. మొత్తం 1000. హిజ్రీ 1000 అంటే మన 1591. మన సంగీతంలో కటపయాది కూడా ఇలాంటిదే. మేచకళ్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65, అదే ఆ మేళకర్త సంఖ్య. అక్షరంలో అంకె దాచుకునే అలవాటు అందరికీ ఉందన్నమాట.

"కాఫ్ అంటే హీబ్రూలో అరచెయ్యి అంట ఆపా."

"ఉర్దూలోనూ కఫ్-ఎ-దస్త్ అంటే అరచెయ్యే బేటీ" అని ఆపా తన చెయ్యి చాచి చూపించింది.

చక్రం బొమ్మకు అరచెయ్యి అక్షరం. వాళ్ళిద్దరూ ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు గానీ నాకు చాయ్ గొంతు దిగలేదు.

ఎందుకంటే, ఆ చక్రాన్ని తిప్పింది నా చెయ్యి.

మా అమ్మాయి పుట్టింది తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు. ఆ టైముకు చక్రం వేస్తే కుజుడు ఏడో ఇంట్లో ఉన్నాడు, కుజదోషం. దాని వల్ల అంతకు ముందు రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోసారి నేను భయపడ్డాను. ఒక ఇరవై నిమిషాలు ముందుకు జరిపితే లగ్నం మారిపోతుంది, కుజుడు ఆరో ఇంట్లోకి వెళ్ళిపోతాడు. 5 గంటలు అని చెప్పి వేరేచోట కొత్త చక్రం వేయించాను. మా వారికి కూడా చెప్పలేదు. ఇరవై నిమిషాలే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను.

అబ్బాయి వాళ్ళు వీసా కోసమని పుట్టిన తేదీ కాగితాలు అడిగారు. ఫైలంతా జిరాక్సు తీయించి పంపింది నేనే. అందులో ఆసుపత్రి చీటీ కూడా పోయింది, టైముతో సహా. అబ్బాయి తల్లి ఫోన్ చేసింది. "రెండు టైములున్నయేంది వదినా?" ఆసుపత్రి వాళ్ళు తప్పు రాశారన్నాను. ఆమె కాసేపు ఆగి, "సరే వదినా" అంది. వారం తర్వాత గురుబలం లేదన్న కబురొచ్చింది.

ఆమె ఊరంతా చెప్పొచ్చు, "తల్లి అబద్ధం ఆడింది" అని. చెప్పలేదు. నా పరువు కాపాడి నెపం గురుడి మీద వేసింది. నాలుగు నెలలుగా నా బిడ్డ మాత్రం తన నక్షత్రంలోనే ఏదో లోపం ఉందనుకుంటూ కార్డులు తిరగేస్తోంది.

ఆపా వెళ్ళాక స్టవ్ కట్టేసి చెప్పేశాను. నిలబడి, గట్టు మీద చెయ్యి ఆనించుకుని, మొత్తం.

అది వెంటనే ఏమీ అనలేదు. కార్డు తీసుకుని పెట్టెలో పెట్టింది. "ఎందుకు జెప్పలే అమ్మా ఇన్నాళ్ళు?" అని మాత్రం అడిగింది. భయపడ్డాను బిడ్డా అన్నాను. "నాకు కాదు, నీకు భయం" అంది.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రాత్రే మా వారికి కూడా చెప్పాను. ఆయన అరవలేదు, అదే ఎక్కువ నొప్పి. మర్నాడు అబ్బాయి తల్లికి ఫోన్ చేసి క్షమించమన్నాను. సంబంధం మళ్ళీ కలపమని అడగలేదు. ఆమె, "పిల్లకు జెప్పినవా?" అని అడిగింది. చెప్పానన్నాను. "అయితే సాలు వదినా" అంది.

ఆ చక్రం కార్డుకు కబాలాలో ఇంకో అర్థం ఉందని మా అమ్మాయి తర్వాత చెప్పింది. జీవవృక్షం అని ఒక బొమ్మ ఉంటుందట, పది స్థానాలు, వాటిని కలిపే 22 దారులు. గోల్డెన్ డాన్ వాళ్ళ లెక్కలో కాఫ్ అక్షరం దారి చెసెడ్ నుంచి నెట్జాక్‌కు పోతుంది. చెసెడ్ అంటే దయ, నెట్జాక్ అంటే విజయం. నేను గెలుపు ఒక్కటే చూశాను. దయ చూపించింది ఆవిడ.

నాలుగో రోజు పొద్దున మా అమ్మాయే అడిగింది. "లాడ్‌బజార్‌ల గాజులకు బయానా ఇచ్చినవు గదా, వోయి తెచ్చుకుందామా?"

నడిచే వెళ్ళాం, షాలిబండ మీదుగా. దుకాణంలో పెద్దాయన మా గాజులు తీసి పెట్టాడు. ఎర్ర లక్క మీద తెల్ల రాళ్ళు. మన హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని గర్వంగా చెబుతూనే, "శాదీ కబ్ హై బేటీ?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను.

"శాదీ లేదు చాచా. గాజులు మాత్రం నావే" అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. దాని చెయ్యి అందుకుని, వేళ్ళు దగ్గరికి చేర్చి, బొటనవేలు అరచేతిలోకి మడిచి నెమ్మదిగా నొక్కాడు. చెయ్యి బిగబట్టింది. "వదులుగా పెట్టు బేటీ, బలవంతం చేస్తే చిట్లుతుంది" అన్నాడు. అది వదిలింది. గాజు ఎక్కింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే చక్రం ఉంది, 4 గంటల 40 నిమిషాలది. కుజుడు ఏడో ఇంట్లోనే ఉన్నాడు. ఎవరైనా అడిగితే అదే ఇస్తున్నాం. నచ్చినవాళ్ళు వస్తారు. గురుడు తిరుగుతాడు, అది ఆయన పని. ఆయన తిరిగేటప్పుడు మూల రాశుల్లా కదలకుండా కూర్చోవడం మన పని. జాతకాలు నమ్మండి, నమ్మకపోండి, అది మీ ఇష్టం. కానీ పిల్లల కోసం మనమే చక్రం తిప్పేయాలని మీకూ ఎప్పుడైనా చెయ్యి దురద పెడితే, నా ఇరవై నిమిషాలు గుర్తు చేసుకోండి.

ఆ కార్డు ఇప్పుడు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పాలవాడి లెక్క కాగితం పక్కన.