బిళ్ళ మీది పక్షి

కెనడా నుంచి సెలవులకు వచ్చిన మా అన్నయ్య కూతురు, పదేళ్ళ పిల్ల, ఒక డాలరు బిళ్ళ నా చేతిలో పెట్టి, "బాబాయ్, ఈ పక్షిని తెలుగులో ఏమంటారు?" అంది. 1987 నుంచీ అక్కడి డాలరు బిళ్ళ మీద లూన్ అనే నీటిపక్షి బొమ్మ ఉంటుంది. తెలుగు ఎం.ఏ. ప్యాసై కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలియదంటే పరువేం కావాలి? "నీటికాకి" అనేశాను. పిల్ల నోటుపుస్తకంలో రాసేసుకుంది.

వారం తిరక్కుండానే అందరం అరకు వెళ్ళాం. అక్కణ్ణుంచి ముంచింగిపుట్టు వైపు జోలాపుట్టు జలాశయం చూడబోయాం. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రానికి ఆధారం ఈ నీళ్ళే. నాటుపడవ ఎక్కాం. ఎండుమోడు మీద నల్లటి పక్షి ఒకటి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటోంది.

"అదేంటి?" అంది పిల్ల.

"నీటికాకమ్మా" అన్నాడు పడవ నడిపే కుర్రాడు.

పిల్ల నా వంక చూసింది. నేను కొండల వంక చూశాను.

అంతలో జానెడంత పక్షి ఒకటి తేలింది. "బాతుపిల్ల!" అన్నాను, పోయిన పరువు దక్కించుకుందామని. అది చప్పుడు లేకుండా బుడుంగున మునిగి, ఎక్కడో దూరాన లేచింది.

"బాతుకి తోకుంటాది బాబూ, దీనికేదీ? ఇది మునుగుడుకోడి."

నిజమే, తోక లేదు. మెడ ఇటుకరంగు, నోటిమూల పసుపుమచ్చ. కాళ్ళు బాగా వెనక్కి ఉండడంతో గట్టున సరిగా నడవలేదట. నాచుతో తేలే గూడు కట్టి, బయటికి పోతూ గుడ్ల మీద ఆకులు కప్పిపోతుంది. పిల్లల్ని వీపు మీద మోస్తుంది. లూనూ ఇలాగే మునుగుతుంది గనుక పూర్వం పండితులు రెంటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. తీరా చూస్తే మునుగుడుకోడికి దగ్గర చుట్టం పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోయట! మా ఇంటి పెళ్ళిళ్ళలోనూ ఇలాంటి చుట్టరికాలు బయటపడుతుంటాయి లెండి.

పిల్ల బిళ్ళ తీసి కుర్రాడికిచ్చింది. తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మనది కాదమ్మా. ముక్కు చూడు, బాకులా ఉంది."

"అయితే దీనికి తెలుగులో పేరు?"

ఇద్దరూ నా వంక చూశారు.

"లేదమ్మా. నేను చెప్పింది తప్పు. ఆ పక్షి మన చెరువులకు రాదు."

పిల్ల కాసేపు ఆలోచించి, "నీటికాకి" కొట్టేసి, కింద "చుకల మునుగుడుకోడి" అని రాసింది. క్కకు వత్తు పోయింది. పరీక్ష పేపర్లో అయితే అరమార్కు కోసేవాణ్ణే.