చిన్న పడవ – పెనుగాలి

నెల్లూరు పట్టణానికి ఉత్తరంగా ఉన్నది కొడవలూరు. కనుచూపుమేర వరిపొలాలే. పెన్నానది నీరు కాలువల వెంట పారి ఈ నేలను పచ్చగా నిలుపుతుంది. ఆ పొలాలు దాటి తూర్పుగా సాగితే ఇసుకనేలలు, సరుగుడు తోపులు, రొయ్యల చెరువులు, వాటికి ఆవల బంగాళాఖాతం. పొలానికీ కడలికీ నడుమ దూరం కొద్దిపాటిదే. అందుకే ఇక్కడ కొడవలి పట్టే చేతికీ తెడ్డు పట్టే చేతికీ భయం ఒక్కటే. కార్తికమాసం వచ్చిందంటే నారుమడి గట్టున రైతు, పడవ పక్కన మత్స్యకారుడు ఒకే ఆకాశాన్ని చూస్తూ నిలబడతారు. తూర్పున మబ్బు కమ్మి, గాలి దిక్కు మారితే ఇద్దరి గుండెలూ ఒకేలా కొట్టుకుంటాయి.

“వానరాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు” అన్నది పెద్దల మాట. చెక్కలు కట్టిన తెప్ప మీద, తెరచాప నమ్ముకొని వేటకు పోయిన తరాలకు ఆ మాట అక్షరసత్యం. నేడు తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చాయి. తెరచాప పోయి ఇంజను వచ్చింది. అయినా సముద్రం సముద్రమే. చిన్న పడవ చిన్న పడవే. మరి అటువంటి పడవలో కడలి మీదికి పోయేవానికి తుఫాను గండం ఎంతవరకు నిజమైనది? ఒడ్డున ఉండి సముద్రాన్ని చూసేవాడు అడుగడుగునా మృత్యువే అనుకుంటాడు. ఏళ్ల తరబడి ఏ కీడూ లేకుండా తిరిగివచ్చిన యువకుడు భయమే అక్కరలేదనుకుంటాడు. నిజం ఈ రెండింటికీ నడుమ ఉంది. దానిని తెలుసుకోవడం మీదనే ఎన్నో కుటుంబాల బతుకు ఆధారపడి ఉంది.

ముందుగా గాలి సంగతి చూడాలి. గాలి వేగం రెట్టింపయితే అది పడవను నెట్టే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. కెరటం ఎత్తు రెట్టింపయితే దానిలోని శక్తి కూడా నాలుగింతలవుతుంది. ఒక ఘనపు మీటరు సముద్రజలం టన్నుకు పైగా బరువు తూగుతుంది. అటువంటి నీరు గోడలా విరిగి పక్కనుంచి మీద పడితే, పడవ పొడవులో మూడోవంతు ఎత్తు కూడా లేని కెరటమే దానిని బోల్తా కొట్టించగలదని నమూనా పడవలతో చేసిన పరీక్షలు తేల్చాయి. అంటే ఎనిమిది మీటర్ల పడవకు రెండున్నర మీటర్ల కెరటమే ప్రాణాంతకం కావచ్చు. ఎత్తైన పొంగు కన్నా విరిగిపడే కెరటమే ప్రమాదకరమైనది. నిదానంగా ఎత్తి దించే పొంగు మీద చిన్న పడవ తేలికగా తేలిపోతుంది. నిటారుగా లేచి నురగలు కక్కుతూ విరిగే అల ముందు మాత్రం అది నిలువలేదు.

ఇక్కడే సామాన్యులు గ్రహించని విషయం ఒకటి ఉన్నది. భారత వాతావరణశాఖ లెక్క ప్రకారం గాలివేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. ఆ చివరి మెట్టు మీదనే దానికి ఒక పేరు పెడతారు. పేరు వచ్చిన తరువాతనే పత్రికల్లోను, ఇళ్లలోను దాని గురించి మాట సాగుతుంది. కాని రెండున్నర మీటర్ల కెరటాలు లేవడానికి తుఫానే రానక్కరలేదు; వాయుగుండం చాలు. నేలమీది మనిషి ఇంకా గొడుగు గురించి ఆలోచిస్తున్న వేళకే సముద్రం మీది చిన్న పడవకు గండం మొదలవుతుంది. తుఫానుకు పేరు పెట్టేదాకా ఆగినవాడు అప్పటికే ఆలస్యం చేసినవాడు.

ఈ తీరానికి తుఫాన్లు కొత్త కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. నెల్లూరు జిల్లావాసులు మరువలేనిది 1989 నవంబరు నాటి కావలి తుఫాను. అది పుట్టింది బంగాళాఖాతంలో కాదు, థాయ్‌లాండ్ సింధుశాఖలో. అక్కడ అది కొద్దిరోజుల్లోనే పుట్టి పెరిగి భీకరరూపం దాల్చింది. ఎన్నో చేపల పడవలు మునిగిపోయాయి. నవంబరు 3న ‘సీక్రెస్ట్’ అనే పెద్ద చమురు తవ్వకపు నౌక బోల్తాపడి, అందులోని 97 మందిలో 91 మంది మరణించారు. ఆ మరునాడు అది థాయ్‌లాండ్ నేలను దాటి బంగాళాఖాతంలో ప్రవేశించి, పశ్చిమంగా నాలుగు రోజులకు పైగా ప్రయాణించి, గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలులతో కావలి వద్ద తీరం దాటింది.

ఈ ఒక్క తుఫానే రెండు పాఠాలు చెబుతుంది. పెద్ద ఓడ అయినంతమాత్రాన రక్షణ లేదన్నది మొదటి పాఠం. రెండవది అంతకన్నా విలువైనది. ఆ తీరంలో పడవలకు తప్పుకొనే వ్యవధి చిక్కలేదు. ఈ తీరానికి అదే తుఫాను వచ్చేటప్పటికి మధ్యలో ఒక సముద్రమంత దూరం, కొన్ని రోజుల వ్యవధి ఉన్నాయి. చిన్న పడవను కాపాడేది దాని బలం కాదు. దాని యజమాని చేతిలో మిగిలివున్న కాలం.

ఆ కాలం చేజారితే ఏమవుతుందో తరువాతి ఏళ్లు చూపించాయి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను పరిమాణంలో చిన్నదే, కాని వేగంగా బలపడింది. వేటకు పోయిన మత్స్యకారులు ఎందరో ఒడ్డు చేరలేదు. 2017 నవంబరు చివర కన్యాకుమారి సమీపంలో ‘ఓఖీ’ ఒక్కరోజు తేడాలో వాయుగుండం నుంచి తుఫానుగా మారింది. అప్పటికే రోజుల తరబడి వేటకు దూరసముద్రంలోకి పోయిన కేరళ, తమిళనాడు పడవలకు ఆ కబురు అందలేదు. తీరానికి కొన్ని మైళ్లు దాటితే సెల్‌ఫోను మూగపోతుంది. హెచ్చరిక పుట్టింది, కాని చేరవలసిన చెవిని చేరలేదు. వందలాది కుటుంబాలు దిక్కులేనివయ్యాయి.

పడవను గట్టిగా కట్టుకుంటే చాలదా అని అడగవచ్చు. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో 303 పడవలు పాల్గొన్నాయి. నడిసముద్రంలో పెనుగాలి విరుచుకుపడి 15 మంది నావికులు మరణించారు. భయపడి వదిలేసిన పడవలు 24; వాటిలో మునిగినవి 5 మాత్రమే. మిగిలినవి తరువాత తేలుతూ కనిపించాయి. పడవ తేలుతున్నంతసేపు దానిని విడువరాదన్న నీతిని నావికలోకం ఆనాడు ఎంతో వెల చెల్లించి నేర్చుకుంది. 2017–18లో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ‘తారిణి’ అనే 17 మీటర్ల తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉండడం తెలుగువారికి గర్వకారణం. దక్షిణ మహాసముద్రపు పెనుగాలులను తట్టుకొని 254 రోజుల తరువాత వారు గోవా చేరారు. ఆ సంవత్సరమే, 2018 సెప్టెంబరులో, ఆరితేరిన నావికుడు అభిలాష్ టామీ పడవ హిందూ మహాసముద్రంలో తుఫానుకు చిక్కి స్తంభాలు విరిగింది. వెన్నుకు దెబ్బ తగిలి కదలలేని స్థితిలో ఆయనను మూడురోజుల తరువాత రక్షించారు.

అయితే ఆ పడవలకూ తీరప్రాంతపు ఫైబరు పడవకూ పోలిక లేదు. వాటికి నీరు చొరని పైకప్పు ఉంటుంది. అడుగున బరువు ఉండడం వల్ల పక్కకు ఒరిగినా తిరిగి లేస్తాయి. వేట పడవ పైన అంతా తెరిచే ఉంటుంది. వలల బరువు, తడిసిన మోకులు, పట్టిన చేపలు అన్నీ అందులోనే. ఒక కెరటం నిండితే తోడిపోయడమే దిక్కు. రెండవది నిండితే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే పడవ కెరటానికి అడ్డంగా తిరుగుతుంది. ఆపై జరిగేది చెప్పనక్కరలేదు. అనుభవజ్ఞుడైన సరంగు పడవ మొనను ఎప్పుడూ కెరటానికి ఎదురుగా నిలపడానికి ప్రాణాలొడ్డి పెనుగులాడేది అందుకే. తీరం కనబడిందని తొందరపడడమూ ప్రమాదమే. నది మొగలో ఇసుకమేట మీద, లోతు తగ్గినచోట కెరటం నిటారుగా లేచి విరుగుతుంది. నడిసముద్రంలో బతికి బయటపడిన పడవలు ఒడ్డు ముంగిట బోల్తాపడేది అక్కడే.

ఇంత తెలిసినా వేటకు ఎందుకు పోతారు? ఈ ప్రశ్న అడగడం తేలిక. పడవ మీద అప్పు ఉంటుంది. వల మీద అప్పు ఉంటుంది. రేవులో ప్రమాద సూచిక ఎగిరిన రోజు కూలి గిట్టదు. నాలుగుసార్లు హెచ్చరిక వచ్చి, నాలుగుసార్లూ తుఫాను మరోవైపు మళ్లితే, ఐదోసారి ఆ హెచ్చరిక విలువ తగ్గిపోతుంది. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్నట్లు గండం గడిచిన మరునాడే జాగ్రత్త మరుగున పడుతుంది. కాని మళ్లిపోయిన తుఫాను అబద్ధం కాదు. గాలి మరోచోట తన పని చేసే ఉంటుంది. ఒడ్డున ఉండిపోయిన నాలుగు రోజుల నష్టం అన్నంతో తీరేది. పోయిన ఐదోరోజు నష్టం ఏమిచ్చినా తీరేది కాదు.

శాస్త్రం ఈ లోపును పూడ్చడానికి తనవంతు కృషి చేస్తున్నది. తుఫాను గురించి వాతావరణశాఖ 72 గంటల ముందు నుంచే అంచెలంచెలుగా హెచ్చరిస్తుంది. రేవుల్లో ఒకటి నుంచి పదకొండు వరకు సంఖ్యల ప్రమాద సూచికలు ఎగురవేస్తారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రం 2020లో చిన్న పడవలకోసమే ప్రత్యేక సలహా సేవను ప్రారంభించింది. కెరటాల ఎత్తును మాత్రమే కాక వాటి నిటారుతనాన్ని, దిక్కులను, గాలివేగాన్ని, గాలి హఠాత్తుగా పెరిగే తీరును లెక్కగట్టి పడవ భద్రతను అది అంచనా వేస్తుంది. సెల్‌ఫోను అందని దూరాలకు ఉపగ్రహం ద్వారా హెచ్చరిక చేర్చే ‘జెమిని’ పరికరం 2019లో వచ్చింది. అయితే ఏ పరికరమైనా కబురు మాత్రమే చెప్పగలదు. పడవను ఒడ్డుకు లాగవలసింది మనిషి చేయి.

కనుక చిన్న పడవకు తుఫాను గండం నిజమైనదే. తప్పించుకోరానిది మాత్రం కాదు. ఏడాదిలో అత్యధిక దినాలు కడలి అన్నం పెట్టే తల్లి. కొద్ది దినాలు మాత్రమే ఆమె కోపం. ఆ కొద్ది దినాలు ఏవో గుర్తెరిగి ఇల్లు కదలకుండటం పిరికితనం కాదు, అది కూడా వేటగాని నేర్పే. ప్రాణాన్ని కాపాడే నిర్ణయం కెరటం మీద తీసుకునేది కాదు. పడవను ఇసుక మీది నుంచి నీటిలోకి తోయడానికి ముందు తీసుకునేది.

పెద్దల సామెతలో మొదటి సగం నేడు కొంత మారింది. వానరాకడ చాలావరకు తెలుస్తున్నది. అది తెలిసిన తరువాత కూడా సముద్రం మీదికి పడవను తోస్తే, రెండవ సగానికి విధిని నిందించి లాభం లేదు. కార్తికమాసపు మబ్బు కమ్మిన సాయంకాలం, కొడవలూరుకు తూర్పున ఏ పల్లెలోనైనా పడవలన్నీ ఒడ్డుకు చేరి, సరుగుడు చెట్లకు మోకులతో కట్టి ఉంటే, ఆ రాత్రి గాలి ఎంత హోరెత్తినా ఆ ఇళ్లలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి.