సముద్రానికి రెండు నెలల సెలవు

చంద్రగిరి కోట నుంచి పులికాట్ సరస్సు దాకా... వేట ఆగిన వేసవిలో ఓ ప్రయాణం

మే నెల. ఆదివారం పొద్దున. చంద్రగిరిలో చేపల దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు బుట్టల్లోకి తొంగి చూస్తుంది. బొచ్చె ఉంది, రాగండి ఉంది, చెరువులో పట్టిన జిలేబీలు ఉన్నాయి. ఆమె వెతికేది మాత్రం కనబడదు.

'ఏంన్నా, వంజరం లేదా?'

'వేట బందు కదక్కా! జూన్ పదిహేను దాటాల.'

అంతే. పులుసు ఆగదు, చేప మారుతుంది. సంగటి ముద్ద పక్కన ఆ వారం చెరువు చేప చేరుతుంది. కానీ ఆ 'బందు' అనే చిన్న మాట వెనక ఓ పెద్ద కథే ఉంది. అది తెలియాలంటే వంద కిలోమీటర్ల పైచిలుకు తూర్పుకు వెళ్లాలి. దారి చూపించడానికి స్వర్ణముఖి ఎటూ ఉంది!

కోటకీ కడలికీ చుట్టరికం

చంద్రగిరి అనగానే గుర్తొచ్చేవి కొండ, కోట, రాజమహల్, రాణీమహల్. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఈ ఊరికీ సముద్రానికీ సంబంధమేంటి అనిపిస్తుంది. నిజానికి చాలానే ఉంది. 1639లో మద్రాసు తీరంలో ఓ చిన్న ఇసుక నేలను దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేనాటికి ఆ తీరం చంద్రగిరి రాజుల ఏలుబడిలోదే. తరవాత శ్రీరంగరాయలు ఆ దానాన్ని ఖాయం చేశాడు. అంతకు ముందే, 1610లో, పులికాట్‌లో వ్యాపారం చేసుకోవడానికి డచ్చివాళ్లు అనుమతి తెచ్చుకున్నది కూడా విజయనగర ప్రభువు వెంకటపతిరాయల దగ్గరే. 1613 నాటికి అక్కడ కోట కూడా కట్టేసుకున్నారు.

ఆ పాత చుట్టరికం మళ్లీ కలిసింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. ఇప్పుడు చంద్రగిరి, సూళ్లూరుపేట, తడ ఒకే జిల్లా. కొండవాళ్లూ కడలివాళ్లూ ఒకే కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటారు.

చంద్రగిరి కొండల వైపు నుంచి వచ్చే స్వర్ణముఖి, తిరుపతి పక్కగా సాగి, శ్రీకాళహస్తిలో గుడి గోడల్ని పలకరించి, నాయుడుపేట మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. వేసవిలో ఏట్లో కనబడేది ఎక్కువగా ఇసుకే. నాయుడుపేట దగ్గర జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి తిరిగితే సూళ్లూరుపేట. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. చలికాలంలో అయితే రెండువైపులా నీళ్లు, నీళ్లలో రాజహంసలు. వాటిని చూడటానికి వచ్చేవాళ్ల కోసం 2001లో మొదలైంది ఫ్లెమింగో పండగ. మే నెలలో మాత్రం చాలాచోట్ల నీరు ఇంకిపోయి నేల బీటలు తీసి ఉంటుంది. పండగ సందడి వెతికినా కనబడదు.

అరవై ఒక్క రోజుల విరామం

తీరంలో అదే దృశ్యం. ఒడ్డుకు లాగిన ఫైబర్ బోట్లు వరసగా బోర్లా పడుకుని ఉంటాయి. ఇంజిన్లు విప్పి మరమ్మతుకిచ్చారు. పందిరి కింద కూర్చుని వలలు అల్లుకునేవాళ్లు కొందరు, పడవకు రంగు వేసేవాళ్లు కొందరు. తిరుపతిలో గంగమ్మ జాతరకు వేషాలు కట్టే రోజులూ ఇవే. ఇక్కడ గంగమ్మే సముద్రం. ఆ తల్లి కూడా విశ్రాంతిలోనే ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ తూర్పు తీరమంతటా మరబోట్లూ ఇంజిన్ పడవలూ వేటకు వెళ్లకూడదు. పడమటి తీరంలో ఇదే నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా. మొదట్లో 45 రోజులే ఉండేది. 2015 నుంచి 61 రోజులైంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకూ రాష్ట్ర ప్రభుత్వం, ఆపైన కేంద్రం ఉత్తర్వులిస్తాయి. రాష్ట్రంలో దీనికి ఆధారం 1994 నాటి సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం. ఉల్లంఘిస్తే పడవా, పట్టిన చేపలూ పోతాయి. జరిమానా తప్పదు. తెడ్డు వేసుకుని, తెరచాప ఎత్తుకుని వెళ్లే తెప్పలకు మాత్రం మినహాయింపు.

ఎందుకీ నిషేధం? చాలా రకాల చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం ఇదన్నది ప్రధాన కారణం. నిండు గర్భంతో ఉన్న ఒక్క చేప వలలో పడితే పోయేది ఒక్క చేప కాదు... వేలూ లక్షల గుడ్లు. దానికి తోడు అడుగును ఊడ్చేసే ట్రాలర్ల వలలు. కన్ను సన్నగా ఉంటే వేలెడంత పిల్లల్ని కూడా వదలవు. అవి కూరకు పనికిరావు. ఎండబెట్టి కోళ్ల దాణాకు పొడి చేయడానికి పోతాయి. ఏడాది ఆగితే కిలో తూగే చేప అలా పిడికెడు పొడిగా మారుతుందన్నమాట!

అయితే ప్రశ్నలూ లేకపోలేదు. మన వెచ్చటి సముద్రాల్లో చేపలన్నీ ఒకే నెలలో గుడ్లు పెట్టవు. కొన్ని ఏడాదిలో చాలా నెలలు పెడుతూనే ఉంటాయి. రెండు నెలలు ఆపి, మిగతా పది నెలలూ ఊడ్చేస్తే ఏం లాభం అంటారు మత్స్య శాస్త్రవేత్తలు. అందుకే వల కన్ను సైజు, పడవల సంఖ్య, పట్టదగిన చేప కనీస పొడవు... వీటన్నిటి మీదా అదుపు ఉండాలన్నది వాళ్ల మాట. 1988లోనే వానాకాలపు ట్రాలింగ్ నిషేధం మొదలుపెట్టిన కేరళ, ఆ తరవాత కనీస పొడవు నిబంధన కూడా తెచ్చింది.

పొయ్యి మాటేంటి?

చేపకు విరామం సరే, మనిషికి ఆకలికి విరామం ఉండదు కదా. సొంత పడవ ఉన్నవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. కూలికి పడవెక్కేవాడికి, గంపతో ఊరూరా తిరిగి అమ్మే ఆడవాళ్లకు, ఐసు మోసేవాళ్లకు ఆ రెండు నెలలూ గడ్డుకాలమే. జూన్ అంటే బడులు తెరిచే నెల కూడా. పుస్తకాలూ ఫీజుల బెంగ సరిగ్గా అప్పుడే నెత్తిన పడుతుంది. అప్పిచ్చే వ్యాపారి గుమ్మంలోనే ఉంటాడు... పట్టిన చేప తనకే, తను చెప్పిన ధరకే వేయాలన్న షరతుతో.

ప్రభుత్వం ఇచ్చే భృతి పెరుగుతూ వచ్చింది. 2019లో కుటుంబానికి 10 వేల రూపాయలైంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని 20 వేలు చేసి, దాదాపు లక్షా 29 వేల కుటుంబాలకు అందించారు. పడవ మీద పేరున్నవాళ్లకు అది పెద్ద ఊరట. ఒడ్డున పనిచేసే ఆడవాళ్ల సంగతి మాత్రం ఆ లెక్కల్లోకి అంత తేలిగ్గా రాదు.

శ్రీహరికోట పక్కనున్న ఊళ్లకు మరో సెలవు కూడా ఉంది. రాకెట్ ఎగిరే రోజున ఆ సముద్రంలోకి వెళ్లకూడదని ముందుగానే హెచ్చరిక వస్తుంది. దేశమంతా టీవీల్లో నింగిని చూస్తుంటే, వాళ్లు ఒడ్డున కూర్చుని వేట పోయిన రోజును లెక్కేసుకుంటారు.

సరస్సు చెప్పే సంగతి

నిషేధం ఒక్కటే సరిపోదని చెప్పడానికి పులికాట్‌ను మించిన పాఠం లేదు. చిల్కా తరవాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, మిగతాది తమిళనాడులో ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు పంపిస్తుంది. ఆ రెండూ కలిసిన చోట రొయ్య పెరుగుతుంది.

రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పెరిగేది సరస్సులో. చూలాలు పుట్టింటికి వచ్చినట్టు కాదు, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపినట్టు! ఆటుపోట్లతో పాటు ముఖద్వారం గుండా లోపలికొచ్చి, కాస్త ఒళ్లు చేశాక తిరిగి సముద్రానికి పోతాయి. మరి ఆ ద్వారమే ఇసుకతో పూడిపోతే? రాయదొరువు దగ్గర మన వైపున జరిగింది అదే. సముద్రంలో 61 రోజులు కాపాడిన గుడ్లు పిల్లలైనా, తలుపు తెరుచుకోకపోతే సరస్సులోకి రాలేవు. ముఖద్వారం పూడిక తీయాలని ఇక్కడి జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నది అందుకే. భీములవారిపాలెం నుంచి ఇరకం దీవి వైపు పడవలో వెళ్లేటప్పుడు, తెడ్డు అడుగున తగిలే బురదే ఆ అర్జీలో మొదటి వాక్యం.

అదుపు అనేది సర్కారు జీవోతో పుట్టిందీ కాదు. సరస్సుకు దక్షిణాన, తమిళనాడు వైపు జాలరి గ్రామాల్లో 'పాడు' అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లను వంతులవారీగా పంచుకుంటారు. ఈరోజు నువ్వు వేసిన చోట రేపు ఇంకొకరు. ఎంత బలమున్నవాడైనా వంతు తప్పి వల వేయడానికి వీల్లేదు. నీళ్లు అందరివీ అయినప్పుడు ఆశకు హద్దు ఎవరో ఒకరు గీయాలని ఆ పెద్దలకు ఎప్పుడో తెలుసు.

హద్దు గీయకపోతే ఏమవుతుందో కెనడా చూపించింది. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నులకు పైగా కాడ్ చేపలు పట్టారు. 1992 జులైకి పట్టడానికి చేపే మిగల్లేదు. ప్రభుత్వం వేట ఆపేసింది. దాదాపు 30 వేల మంది పని పోయింది. రెండేళ్లు చాలనుకున్న ఆ నిషేధం ఎత్తేయడానికి 32 ఏళ్లు పట్టింది. 2024లో మళ్లీ వేటకు అనుమతిచ్చినా, చేపలు మాత్రం పూర్వపు లెక్కకు చేరనేలేదు. రెండు నెలలు ఆగడమా, ముప్ఫై ఏళ్లు ఆగడమా అన్నది కూడా ఒక లెక్కే మరి.

జూన్ 14 అర్ధరాత్రి

నిషేధం ముగిసే వేళకు తీరంలో మళ్లీ కళ వస్తుంది. పడవలకు పసుపూ కుంకుమా, గంగమ్మకు కొబ్బరికాయ. ఐసు నింపుతారు, డీజిలు పోస్తారు. అర్ధరాత్రి దాటగానే ఒకదాని వెనక ఒకటి ఇంజిన్లు మోగుతాయి. ఒడ్డున ఆడవాళ్లు దీపాలు కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడతారు.

ఆ తరవాత ఏదో ఓ ఆదివారం, చంద్రగిరి దుకాణంలో ఐసు మీద వంజరం మెరుస్తుంది. ఇల్లాలు ధర అడిగి ఉలిక్కిపడుతుంది. బేరమాడుతుంది. చివరికి కొంటుంది. ఆ ముక్క పులుసులో ఉడుకుతున్నప్పుడు, దాని ధరలో ఓ ఇంటి రెండు నెలల ఓపిక కూడా కలిసుందని గుర్తొస్తే... రుచి ఇంకాస్త పెరుగుతుంది.