బలాబలాల పట్టిక

పందెం కాసేవాడికి ఎప్పుడూ ఒక శాస్త్రం కావాలి. గోదావరి జిల్లాలలో సంక్రాంతికి పుంజును బరిలోకి దింపే ముందు కుక్కుటశాస్త్రం తిరగేస్తారు. డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగును బట్టి పుంజుకు పేరు. ఏ రోజున ఏ రంగు పుంజు ఏ రంగుదానిపై నెగ్గుతుందో, దాన్ని ఏ దిక్కునుంచి వదలాలో అందులో రాసి ఉంటుంది. కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం పలనాడు విడిచి వెళ్ళిన కథ తెలుగువారందరికీ పరిచితమే. మా మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఇప్పుడు పుంజుల చోటికి క్రికెట్ జట్లు వచ్చాయి. కుక్కుటశాస్త్రం చోటికి గణాంకాల పట్టిక వచ్చింది.

ఒకప్పుడు ఇది ద్రాక్షతోటల నేల. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక పందిళ్ళు పోయి ప్లాట్ల హద్దురాళ్ళు మొలిచాయి. తరతరాలుగా కళ్ళచూడనంత సొమ్ము ఒక్కసారిగా ఇళ్ళలోకి వచ్చింది. అటువంటి ఇంటి కుర్రవాడొకడు మేడ్చల్ నుంచి నా దగ్గరకు వస్తుంటాడు. నేను కళాశాలలో సంఖ్యాశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. వాడి తండ్రి నా శిష్యుడు. తోట అమ్మగా వచ్చిన దానిలో మిగిలింది కూతురి పెళ్ళికని బ్యాంకులో వేసుకున్నాడు. కుర్రవాడి కన్ను ఆ మిగిలినదాని మీద పడింది.

వాడు తెచ్చిన నోటుపుస్తకం చూసి ముచ్చటపడ్డానంటే అబద్ధం కాదు. ఒక్కో ఐపీఎల్ ఆటకు ఒక్కో పుట. ముఖాముఖి గెలుపోటములు, చివరి ఐదు ఆటల ఫలితాలు, ఆ మైదానంలో సగటు స్కోరు, టాస్ గెలిచినవారు ఏం ఎంచుకున్నారు, అన్నీ గీతలు కొట్టి నింపాడు. "లెక్కల తప్పేమన్న ఉంటే చెప్పుండ్రి సార్" అన్నాడు. కూడికలలో తప్పేమీ లేదు.

అయితే పట్టికలో జట్టు పేరు ఒకటే ఉంటుంది, మనుషులు మారిపోతారు. 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో అదే పేరుతో దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తింది. మనుషులు మారకపోయినా సగటు మాట తప్పుతుంది. సన్‌రైజర్స్ 2024 మార్చి 27న ఉప్పల్‌లో 277, ఏప్రిల్ 15న బెంగళూరులో 287 పరుగులు చేసింది. మే 26న చెన్నైలో ఫైనల్లో 113కే కుప్పకూలింది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లు ఏడాది చివర ఆడే 'బౌల్' పోటీలకూ పందెగాళ్ళు ఇటువంటి పట్టికలే వేస్తారు. అక్కడ రెండు జట్లూ అంతకు ముందు ఒక్కసారైనా తలపడి ఉండకపోవచ్చు. పేరున్న ఆటగాళ్ళు కొందరు వృత్తి క్రీడకు వెళ్ళే తొందరలో ఆ ఆటే ఆడరు.

"అవి గూడ లెక్కల కలుపుత సార్" అన్నాడు వాడు. తెలివైనవాడు, కలపగలడు కూడా. కానీ తెలివైనవాడు వాడొక్కడే కాదు. ఆ పట్టిక అందరి దగ్గరా ఉంది, అందరికంటే ముందు ధర కట్టేవాడి దగ్గర ఉంది. ఏ జట్టు బలమైనదో పట్టిక చెప్పగలదు. కట్టిన ధర న్యాయమైనదా అన్నది వేరే ప్రశ్న. పందెంలో డబ్బు తేల్చేది ఆ రెండో ప్రశ్నే.

సమ ఉజ్జీలైన రెండు జట్లలో దేనిమీద 100 రూపాయలు పెట్టినా, గెలిస్తే మన నూరుతో కలిపి 190 ఇస్తారనుకుందాం. అంటే గెలిస్తే 90 వస్తుంది, ఓడితే 100 పోతుంది. నూరు పందేలలో 52 గెలిచినా 120 రూపాయలు నష్టమే. 53 గెలిస్తే లాభం 70. సరే, ఒకడు 55 గెలిచాడనుకుందాం, వాడు నిపుణుడేనా? నూరుగురు మనుషులు నాణెం ఎగరేసి నూరేసి పందేలు కాస్తే వారిలో సుమారు 18 మందికి 55 గానీ అంతకు మించి గానీ పడతాయి. వారిలో ప్రతివాడూ తన పట్టికే గొప్పదనుకుంటాడు.

"ఇది జూదం గాదు సార్, తెలివి" అన్నాడు. ఈ వాదం మన దగ్గర పాతదే. సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది. తెలంగాణ 2017లో చట్టం సవరించి, డబ్బుపెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని సైతం నిషేధించింది. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. క్రికెట్ పందెం ఇక్కడ ముందునుంచీ నేరమే. ఆ సంగతి వాడికి తెలుసు. భయపెట్టి లాభం లేదని నాకూ తెలుసు.

అందుకే నలుడి కథ చెప్పాను. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడికి అక్షహృదయం నేర్పినవాడు ఋతుపర్ణుడు. రథం మీదనుంచే తాండ్రచెట్టు చూసి ఆకులూ కాయలూ ఇన్నని చెప్పాడు. నలుడు ఊరికే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి, లెక్కపెట్టి చూసుకున్నాడు. "నువ్వూ లెక్కపెట్టు. రూపాయి పెట్టకుండా, ఆటకు ముందే నీ అంచనా రాయి. గెలిస్తే 90, ఓడితే 100 వేసుకో" అన్నాను.

వాడు 40 ఆటలకు రాశాడు. 21 సరిపోయాయి, 19 తప్పాయి. వచ్చింది 1,890, పోయింది 1,900. కాగితం మీది పది రూపాయల నష్టాన్ని చాలాసేపు చూశాడు.

"గెలిచినయే ఎక్కువున్నయి గద సార్, పైసలెట్ల పోయినయి?"

నోటుపుస్తకం నిండా జట్లను గురించిన ప్రశ్నలే ఉండేవి. ధరను గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. పందేలు మానేస్తానని వాడు మాట ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. బ్యాంకులోని సొమ్ము మాత్రం కదలలేదని మొన్న వాడి తండ్రి చెప్పాడు. పెళ్ళి మాఘమాసంలోనట.