మిద్దె మీద సోలార్: లీజుకియ్యాలా, కొనాలా? నేను వేసుకున్న లెక్క



రెండు నెలల కిందట మదనపల్లె మార్కెట్‌కి టమోటా తోలుకొని పోయినాను. వేలానికి ఇంకా టైముంది, టీ తాగుతా కూర్చోనుంటే ఒక పిల్లోడు వచ్చి చేతిలో కాగితం పెట్టినాడు. "రూపాయి పెట్టుబడి లేకుండా మీ ఇంటి మీద సోలార్" అని పెద్దక్షరాలు. ఆ రోజు బాక్సు రేటు చూసినాక రూపాయి పెట్టుబడి లేదంటే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి గదా. జేబులో పెట్టుకొని వచ్చినాను. వారం తిరక్కుండానే అదే కంపెనీ మనుషులు మా ఊరికి కూడా వచ్చినారు. మా వీధిలో నలుగురు ఒప్పుకోడానికి తయారైనారు. నన్ను కూడా సంతకం పెట్టమన్నారు. నాలుగు రోజులు టైము అడిగినాను. ఆ నాలుగు రోజులు కాస్తా రెండు నెలలైంది. ఏం చేసినానో, ఎందుకు చేసినానో మీకు ఉపయోగపడుతుందని రాస్తా ఉన్నాను.

ముందు ఒక మాట. ఇది బోరు మోటారు సంగతి కాదు. సేద్యానికి పగటి పూట తొమ్మిది గంటలు ఉచితంగా ఇస్తున్నారు, దాని జోలికి పోవడంలేదు. నేను చెప్పేది ఇంటి మీటరు గురించి.

మాకు నెలకు సుమారు 190 యూనిట్లు కాలుతుంది. ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, టీవీ, మిక్సీ, సంపు నుంచి నీళ్లెక్కే చిన్న మోటారు, ఆవులకు గడ్డి కోసే మిషను. బిల్లు వెయ్యి దరిదాపుల్లో వస్తుంది, ఎండాకాలం ఇంకో మూడు నాలుగు వందలు ఎక్కువ. బిల్లు కాగితం మడిచి అటక మీద పెట్టేయకుండా ఒకసారి తీసి చూడండి. మొదటి 30 యూనిట్లకు 1.90. తర్వాత 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6 రూపాయలు. ఆ పైన 400 దాకా 8.75, అది దాటితే 9.75. నా 190 యూనిట్లకు ఈ లెక్కన 807 రూపాయలు. మిగతాది ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీ, సుంకం. అంటే కరెంటు వరకు నాకు యూనిట్ సగటున 4 రూపాయల పావలా పడుతోంది.

ఇప్పుడు ఆ లీజు కాగితం చూడండి. 2 కిలోవాట్ల పలకలు వాళ్లే పెడతారు. మనం నెలకు 950 కట్టాలి. 15 ఏళ్లు. ఏటా నూటికి మూడు పెరుగుతుంది. నెలకు 240 యూనిట్లు వస్తుంది, యూనిట్ 8 రూపాయలు, కాబట్టి నెలకు 1,920 మిగులు, 950 పోగా 970 లాభం అని కాగితం మీద రాసి ఇచ్చినారు. 240 యూనిట్లు రావడం నిజమే, కిలోవాట్‌కి రోజుకు సగటున 4 యూనిట్లు మన వైపు వస్తుంది. ఇంకోటి చెప్పాలంటే పలక బాగా వేడెక్కితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి ఘాట్ కింద తిరపతి వాళ్ల కంటే పైనుండే మనకే కొంచెం మేలు. అయితే ఆ 8 రూపాయలు యాడ నుంచి వచ్చింది? నేను 8 రూపాయలు యాడ కడతా ఉండా? నేను కట్టేది నాలుగుంబావు. వాడుకోగా మిగిలిన యూనిట్లకు డిస్కం ఇచ్చే రేటు అంతకంటే పెద్దగా ఉండదు. వాళ్ల లెక్క ఏసీలు పెట్టుకున్న పెద్దింటి లెక్క, మన ఇంటి లెక్క కాదు. నాకైతే వెయ్యి బిల్లు పోయి 950 లీజు వస్తుంది, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ ఎట్లాగూ ఉంటుంది. మొదటి ఏడే లాభం సున్నా. ఏటా పెరిగేది వేసుకుంటే 15 ఏళ్లకు నేను కట్టేది మొత్తం 2 లక్షల 12 వేలు.

ఇంగ కొంటే ఎంత? కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 30 వేల చొప్పున 2 కిలోవాట్లకు 60 వేలు సబ్సిడీ. మూడో కిలోవాట్‌కి 18 వేలే, మొత్తం 78 వేలు దాటదు. 78 వేలు వస్తుంది గదా అని చాలామంది 3 కిలోవాట్లకు పోతా ఉన్నారు. 190 యూనిట్లు కాల్చేవానికి అది దండగ. నాకు 2 కిలోవాట్లకు చెప్పిన రేటు లక్షా 30 వేలు, స్టాండు ఎత్తు పెంచినందుకు ఇంకో 12 వేలు. అందులో 22 వేలు నేను పెట్టుకుంటా, లక్షా 20 వేలు బ్యాంకు లోను. ఈ పథకం లోనుకు తాకట్టు అడగరు. ఈ మాట చెప్పినాకనే మా ఇంటామె మొహంలో కొంచెం వెలుగొచ్చింది. రెండు బోర్లకు రెండుసార్లు గాజులు బ్యాంకుకు పోయి వచ్చినాయి, మూడోసారి పోనియ్యనని ముందే చెప్పేసింది. సబ్సిడీ వచ్చి లోనులో జమ అయితే మిగిలేది 60 వేలు. 7 రూపాయల వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే కంతు 900 చిల్లర. లీజు 950, కంతు 900. నెల నెలా చేతిలోంచి పోయేది రెండూ ఒకటే. కానీ ఏడేళ్లకు కంతు ఆగిపోతుంది, పలకలు నావి. మొత్తం ఖర్చు లక్ష లోపల. పలకలకు 25 ఏళ్ల దాకా వారంటీ ఇస్తారు, ఇన్వర్టర్ మాత్రం పదేళ్లకు అటూ ఇటూ మార్చాల్సి రావచ్చు, దానికి కొంత పక్కన పెట్టుకోవాల్సిందే.

బీసీ ఇళ్లకు రాష్ట్రం తరఫున 2 కిలోవాట్లకు ఇంకో 20 వేలు ఇస్తామని ప్రకటించినారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు పూర్తిగా ఉచితమే. మా వీధిలో సంతకానికి తయారైన నలుగురిలో ఇద్దరు ఎస్సీలు! ఉచితంగా వచ్చేదానికి 15 ఏళ్లు బాడుగ కట్టేదానికి పోతా ఉన్నారు. చెప్పి ఆపినాను. మీ ఊర్లో కూడా ఎవరైనా ఉంటే ముందు సచివాలయంలో అడగమని చెప్పండి.

లీజు కాగితంలో వెనక పేజీ ఉంటుంది, చిన్నక్షరాలు. సబ్సిడీ ఏదొచ్చినా కంపెనీకే. 15 ఏళ్ల లోపల మిద్దె మీద ఏం కట్టాలన్నా వాళ్ల అనుమతి కావాలి, పలకలు తీసి మళ్లీ బిగించే ఖర్చు మనదే. మధ్యలో వద్దనుకుంటే మిగిలిన ఏళ్ల బాడుగలో సగం కట్టాలి. ఇది చదివినాక నాకు 2011 గుర్తుకొచ్చింది. మా ఎకరన్నర చేను ఒకాయనకు ఐదేళ్లకు గుత్తకిచ్చినాము. ఆయన మల్బరీ పెట్టినాడు, పురుగు మేపినాడు, బాగా సంపాదించినాడు, సంతోషమే. గడువైనాక దిగమంటే తోటకు పెట్టిన ఖర్చు ఇస్తే దిగుతా అన్నాడు. పంచాయితీ రెండేళ్లు నడిచింది. మా నాయన ఆ రెండేళ్లూ ఆ చేను వైపు పోలేదు. చేనైతే పక్కనుంటుంది, ఇది నెత్తిమీద ఉంటుంది.

లీజులన్నీ మోసం అని నేననడంలేదు. కుప్పంలో మా బావ ఇంట్లో ఎండాకాలం 450 యూనిట్లు కాలుతుంది, కరెంటే 3 వేలు దాటుతుంది. అట్లాంటి ఇంటికి చేతిలో డబ్బు లేకపోతే లీజులో కూడా మిగులుంటుంది. శుభ్రం చేసేది, రిపేరు చేసేది వాళ్లే. నెల బాడుగ కాకుండా వాడుకున్న యూనిట్‌కి ఇంత అని తీసుకొని, కొన్నేళ్లకు పలకలు మనకే వదిలేసే పద్ధతి కూడా ఈ పథకంలో ఉంది. ఎవరైనా వస్తే "ఎన్నేళ్లకు నాదవుతుంది, సబ్సిడీ ఎవరికి" అని ఈ రెండూ అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి.

బావ కొనుక్కున్నాడు. ఆయన దగ్గరికి పోయినప్పుడు నడిమూరు కూడా చూసి వచ్చినాను. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు వచ్చి సూర్యఘర్ మొదలుపెట్టిన ఊరది, కుప్పం నియోజకవర్గమే. వరుసగా ఇళ్ల మీద పలకలు చూస్తే బాగానే ఉంది. కానీ అది ఆఫీసర్లు దగ్గరుండి చేయించిన ఊరు, మన ఊర్లో మనమే తిరగాలి. బావ దగ్గర తెలుసుకున్నది ఒకటుంది, అది ఎవరూ ముందు చెప్పరు. లైను కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతా ఉన్నా ఫ్యాను తిరగదు. లైను మీద పని చేసేవానికి షాక్ కొట్టకూడదని అట్లా పెట్టినారు. బ్యాటరీ వేరే పెట్టుకుంటేనే పోయినప్పుడు వస్తుంది, దాని ఖర్చు వేరే. లీజైనా, కొన్నా ఇది ఒకటే. పలకలు మన దేశంలో తయారైన సెల్లులవి కాకపోతే సబ్సిడీ రాదు, అదీ బిల్లులో చూసుకోండి. కోతుల సంగతి ఇద్దరినీ అడిగినాను. కంపెనీవాడు నవ్వినాడు. బావ మాత్రం వైర్లకు పైపు తొడిగించినాడు.

లెక్క ఇంతటితో తేలిపోయింది. కానీ నా అసలు కష్టం లెక్కలో లేదు.

మీటరు ఇంకా మా నాయన పేరు మీదే ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. బిల్లు కడతానే ఉన్నాం, పేరెవరిదని ఎవరు చూస్తారు? సూర్యఘర్‌లో దరఖాస్తు చేసేవాని పేరు మీదనే మీటరు, ఆ పేరు మీదనే బ్యాంకు ఖాతా ఉండాల. పేరు మార్చాలంటే తమ్ముడు అభ్యంతరం లేదని సంతకం పెట్టాల. ఇల్లు ఇంకా భాగాలు కాలేదు. అనుకోవడం వరకు తూర్పు సగం నాది, పడమర సగం వానిది. నా సగం మీద చింతచెట్టు నీడ మధ్యాహ్నం దాకా ఉంటుంది. పొద్దస్తమానం ఎండ పడేది వాని సగం మీద.

తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. ఫోన్‌లో చెబితే "లీజుకియ్యి న్నా, ఇద్దరికీ పూచీ ఉండదు" అన్నాడు. నేను లీజు వద్దంటే వాడు వేరే అర్థం చేసుకున్నాడేమో, తర్వాత పది రోజులు ఫోన్ లేదు. నా మీటరు, నా పేరు, వాని మిద్దె మీద నా పలకలు. వాని చోట్లో నేనుంటే నాకూ అట్లనే అనిపిస్తుంది. మా ఇంటామె "చింతచెట్టు కొట్టేయ్, ఎవర్నీ అడిగే పని లేదు" అనింది. ఆ చెట్టు కాయలతో ఏటా ఇంటి చింతపండు గడుస్తుంది. అదీ కాక నాయన పెట్టిన చెట్టు. కొట్టబుద్ధి కాలేదు.

దసరాకు తమ్ముడు వచ్చినాడు. రెండు కాగితాలూ, లీజుదీ కొనేదీ, వాని ముందర పెట్టినాను. వెనక పేజీ చదవమన్నాను. వాడు చదువుకున్నోడు, నాకంటే తొందరగా అర్థమైంది. పైన ఒక రూము వేసుకోవాలని వానికుంది, అది నాకు అప్పుడే తెలిసింది. లీజుకిచ్చి ఉంటే 15 ఏళ్లు వాని రూము సంగతి కంపెనీ చేతిలో ఉండేది. పలకలు మనవైతే విప్పి ఆ రూము మీదనే బిగించుకోవచ్చు, ఆ ఖర్చు నాది అని తెల్ల కాగితం మీద రాసిచ్చినాను. వద్దన్నాడు, అయినా ఇచ్చినాను.

సాయంత్రం ఇద్దరం మిద్దెక్కి టేపు పట్టి కొలుచుకున్నాం. 200 చదరపు అడుగులు సరిపోతుంది. అమ్మ అక్కడే చెనక్కాయలు ఆరబోసుంది. తమ్ముడు స్టాండు ఎత్తు ఎంత అని అడిగినాడు. ఏడడుగులు అన్నాను. "ఎనిమిది పెట్టించు న్నా, అమ్మ చాట పైకెత్తి తూర్పారబట్టేటప్పుడు తగులుతుంది" అన్నాడు. కిందికి దిగి సంతకం పెట్టినాడు.

పేరు మార్పు కాగితాలు ఇచ్చి మూడు వారాలైంది. అది రాగానే పోర్టల్‌లో దరఖాస్తు పెడతాను. ఎనిమిదడుగుల స్టాండుకు ఇంకో రెండు వేలు అడుగుతున్నాడు, బేరమాడతా ఉన్నాను. మీ పుంగనూరు, మదనపల్లె వైపు ఎవరైనా స్టాండు తక్కువకు చేయించి ఉంటే చెప్పండి. మీటరు తిరిగినాక మొదటి బిల్లు ఎంతొచ్చిందో ఇక్కడే ఫోటో పెడతాను, ఎక్కువొచ్చినా పెడతాను.