పెరటి పందిరికి రాతి కాళ్ళు

మా పెరట్లో సొరపాదు పందిరి కిందే మా అత్తగారు రోజూ కత్తిపీట వేసుకుని కూరలు తరిగేవారు. మూడేళ్ళ క్రితం వానాకాలంలో ఒకరోజు ఆవిడ లేచి లోపలికొచ్చారో లేదో, పందిరి కాస్తా కూలిపోయింది! చూస్తే ఏముంది, సరుగుడు గుంజలు మట్టిలో ఉన్నంత మేరా చెదలు తినేశాయి. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఈసారి ఇనుప పైపులు వేయిద్దామన్నారు మావారు. ఇంతలో చేవెళ్ళ వైపు బంధువులింటికి వెళ్ళాం. దారిపొడుగునా బీర, కాకర, దొండ పందిళ్ళే! అన్నిటికీ రాతి కడీలు, పైన జి.ఐ. తీగల అల్లిక. కాకరకాయలు కోస్తున్న ఒకావిణ్ణి అడిగాను.

"రాయికి చెద లేదు, తుప్పు లేదక్కా. ఇనుమైతే ఏటేటా రంగెయ్యాలె, ఎండకు కాలితే లేత తీగ మాడుతది" అంది.

మేమూ నాలుగు కడీలు తెప్పించాం. 9 అడుగుల కడీని 2 అడుగులు పాతి, మొదట్లో కాంక్రీటు వేయించాం. బరువెక్కువ, ముగ్గురు మనుషులు పట్టాల్సిందే. పైన మాత్రం వెదురుబొంగులు. అవి మట్టికి తగలవు కాబట్టి చెద భయం తక్కువ, పాడైతే మార్చుకోవడమూ తేలికే.

మీరూ పందిరి వేయించేటప్పుడు పైకప్పు సంగతి తర్వాత, ముందు కాళ్ళ సంగతి చూసుకోండి. మా అత్తగారి కత్తిపీట మళ్ళీ పందిరి కిందికే చేరింది!