నలుగురూ ఏమనుకుంటారో!

పరువు బెంగ మనవాళ్ళకే ఉందనీ, అమెరికావాళ్ళకు ఎవరేమనుకున్నా పట్టదనీ చాలామంది నమ్మకం. అక్కడ ఎవడి బతుకు వాడిదట! నేను ఒప్పుకోనండీ. ఆ దేశంలో వచ్చిన ఓ పెద్ద మార్పు వెనక ఈ ‘నలుగురూ ఏమనుకుంటారో’ బాగానే పనిచేసింది. చెబుతాను, వినండి.

1955లో మన రాయబారి గగన్‌విహారీ మెహతాగారు హ్యూస్టన్ విమానాశ్రయంలో భోజనానికి కూర్చున్నారు. టెక్సస్‌లో అప్పట్లో నల్లవాళ్ళకు వేరే పంక్తి. ఈయన ఒంటిరంగు చూసి, వేరే గదిలోకి వెళ్ళమన్నారు. కబురు వాషింగ్టన్ చేరేసరికి సాక్షాత్తూ విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మరి అవి రష్యాతో పోటీపడుతున్న రోజులు. స్వతంత్రం వచ్చిన ప్రతి కొత్త దేశానికీ ‘స్వేచ్ఛంటే మాదే’ అని చెప్పుకుంటూ తిరిగేవారు. ఇంట్లో చూస్తే ఇదీ వరస!

ఈ తలవంపుల సంగతి వాళ్ళ సర్కారుకు ముందే తెలుసు. నల్లపిల్లలకు వేరే బడులుండటం న్యాయమా అన్న వ్యాజ్యం నడుస్తుండగా, ఈ వివక్ష వల్ల విదేశాల్లో తమ మాట చెల్లడం లేదని 1952లోనే సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. 1954లో బడులు కలపాల్సిందేనన్న తీర్పు రాగానే వాయిస్ ఆఫ్ అమెరికా గంట తిరక్కుండా దేశదేశాల భాషల్లో చాటింపు వేసింది. మేం మారిపోయాం, చూశారా అని!

ఎక్కడ మారారు? 1961లో న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు కార్లలో వెళ్ళే ఆఫ్రికా రాయబారులకు మేరీలాండ్ దారిలో హోటళ్ళవాళ్ళు కాఫీ కూడా ఇవ్వలేదు. వాళ్ళను విమానంలో రమ్మనండి అని అధ్యక్షుడు కెనెడీ విసుక్కున్నాడని చెబుతారు. నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. హోటళ్ళలో ఈ అంటరానితనం దేశమంతటా చెల్లదన్న చట్టం 1964లో గానీ రాలేదు.

అన్నట్టు, ఘనతంతా పరువు భయానికే కట్టబెట్టేస్తున్నాననుకోకండి. బస్సులో సీటు వదలనన్నవాళ్ళు, లాఠీదెబ్బలు తిన్నవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు లేనిదే ఏ సర్కారూ కదలదు. బయటివాళ్ళు చూస్తున్నారన్న జంకు దాన్ని కాస్త తొందరపెట్టింది, అంతే.

ఇక మనసులంటారా, అవి చట్టాల వెనక నింపాదిగా నడిచొచ్చాయి. నల్ల, తెల్ల జంటల పెళ్ళి సరేనన్నవాళ్ళు 1958 నాటి గాలప్ సర్వేలో నూటికి నలుగురు. 1967లో సుప్రీంకోర్టు అలాంటి పెళ్ళిళ్ళ మీదున్న నిషేధాలన్నీ కొట్టేసింది. ఆ మరుసటేడు అడిగినా సరేనన్నవాళ్ళు 20 మందే. 2021కి 94 అయింది. కోర్టు ఆ 94 కోసం కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అన్నీ కడిగేసినట్టు పోయాయనీ కాదు. 2013లో మన తెలుగింటి పిల్ల నీనా దావులూరి మిస్ అమెరికా అయితే, అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ అక్కడ కొందరు నోళ్ళు పారేసుకున్నారు. మనకు కోపం వచ్చింది, రావలసిందే. కానీ ఆ చామనఛాయతో ఇక్కడ పోటీలో నిలిస్తే కిరీటం దక్కేదా అని మనవాళ్ళే అడిగారు. దానికి మాత్రం జవాబు చెప్పినవాళ్ళు తక్కువ.

అమెరికావాళ్ళ రంగుపిచ్చి గురించి ఈసారి తీరిగ్గా మాట్లాడుకునేటప్పుడు, ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనల పేజీ ఓసారి పక్కన పెట్టుకోండి. పిల్ల చదువుకన్నా ముందు ఏం అడుగుతున్నామో చదివి, ఆ తర్వాత మాట్లాడండి.